అట్రాక్టా టార్ట్ తెచ్చిందంటే

మా ఊరు డ్రమ్‌కర్రాలో ఎవరింటికైనా ఆపిల్ టార్ట్ వెళ్లిందంటే ఆ ఇంట్లో పురుడో, చావో, ఆపరేషనో జరిగినట్టు. అదే టార్ట్ మా దేశవాళీ ఆట గేలిక్ ఫుట్‌బాల్ క్లబ్బులో జట్టును నడిపే మేనేజరు ఇంటికి వెళ్లిందంటే ఆయన ఉద్యోగం ఊడినట్టు. ఉద్యోగం అన్నది మాటవరసకే. జీతం లేదు, సెలవు లేదు, ఆదివారం పూట ఊరందరి చేతా తిట్లు తినడం మాత్రం ఉంటుంది. అయినా అది ఊడినప్పుడు మనిషికి తల కొట్టేసినట్టే ఉంటుంది.

ఈ రెండో రకం టార్టులన్నీ చేసింది ఒకే మనిషి, అట్రాక్టా గిల్‌హూలీ. వయసు యాభై ఎనిమిది. పగలంతా సహకార సంఘం దుకాణంలో దూడల దాణా, ముళ్లకంచె, రబ్బరు బూట్లు అమ్ముతుంది. మిగిలిన సమయమంతా క్లబ్బు కార్యదర్శి. పంతొమ్మిదేళ్ల కిందట వార్షిక సమావేశంలో "ఈ ఒక్క ఏడాదికే" అని బతిమాలి ఆమెను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ ఒక్క ఏడాది ఇంకా పూర్తి కాలేదు. ఉత్తరాలు రాయడం, ఆటగాళ్ల పేర్లు నమోదు చేయడం, రిఫరీకి టీ పెట్టడం, బురద జెర్సీలు ఉతికి ఆరేయడం అన్నీ ఆమె పనులే. కమిటీలో ఇంకా తొమ్మిది మంది మగవాళ్లున్నారు. ఆమె పని బాగా చేస్తోందని తల ఊపడం వాళ్ల పని. ఆ పనిలో వాళ్లు ఎన్నడూ లోటు చేయలేదు.

మొదటి టార్ట్ కథ ఆమె కార్యదర్శి అయిన ఏడాదే జరిగింది. అప్పటి మేనేజరు డెక్లన్ రీహిల్. జట్టు వరసగా ఆరు మ్యాచ్‌లు ఓడింది. కమిటీ మూడు గంటలు కూర్చుని ఆయన్ని మార్చాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ మాట ఆయనతో ఎవరు చెప్పాలి అనేసరికి ఒక్కొక్కరికీ ఒక్కో ఇబ్బంది వచ్చిపడింది. ఒకాయన ఆవు ఈనడానికి సిద్ధంగా ఉంది. ఒకాయనకు డెక్లన్ వియ్యంకుడు. ఇంకొకాయనది పక్క పొలం, గట్టు తగాదా ఆ నెలలోనే చల్లారింది. చివరికి ఛైర్మన్ ఫింటన్ మెగార్టీ గొంతు సవరించుకున్నాడు.

"అట్రాక్టా, నువ్వు ఎలాగూ అటే వెళ్తావుగా" అన్నాడు.

ఆమె ఇల్లు ఊరికి సరిగ్గా ఇటు చివర. ఫింటన్ పశువుల సంతలో వేలం పాడే మనిషి. సంతలో ఊపిరి తీసుకోకుండా అరగంట మాట్లాడతాడు, ఆ అరగంటలో ఇరవై ఎద్దులు చేతులు మారతాయి. ఎదుటి మనిషితో ఒక్క నిజం చెప్పాల్సి వస్తే మాత్రం నోరు పెగలదు. అప్పుడూ ఆయనే ఛైర్మన్, ఇప్పుడూ ఆయనే. ఓడినప్పుడల్లా మేనేజర్ని మార్చాలని తోస్తుంది గాని, ఛైర్మన్‌ని మార్చాలని మా ఊళ్లో ఎవరికీ ఎందుకో తోచదు.

ఒకరింటికి చేతులూపుకుంటూ వెళ్లడం ఎలాగని అట్రాక్టా టార్ట్ చేసింది. డెక్లన్ తలుపు తీశాడు. ఆమె పళ్లెం ముందుకు చాచింది. "ఊరికే, మీ ఇద్దరి కోసం తెచ్చా" అని మాత్రం అనగలిగింది. ఆయన టార్ట్ వైపు చూశాడు, ఆమె మొహం వైపు చూశాడు, లోపలికెళ్లి బంతుల సంచీ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. అంతే. రాజీనామా లేదు, రభస లేదు. కమిటీ ఎంత మురిసిపోయిందంటే, ఆ ఏడాది నుంచి అదే పద్ధతి అయిపోయింది. పంతొమ్మిదేళ్లలో పదకొండు టార్టులు. ప్రతి గడప ముందూ అదే మాట: "ఊరికే, మీ ఇద్దరి కోసం." నీలం అంచు పళ్లేలు పదకొండు పోయాయి ఆమెవి. కొలువు పోగొట్టుకున్నవాడు పళ్లెం కడిగి తిరిగిస్తాడని ఎవరు మాత్రం అనుకుంటారు?

తీసెయ్యడం ఇంత సులువు చేసుకున్నాక, పెట్టుకోవడం దగ్గర కష్టపడాలి కదా. దానికో ముగ్గురి ఉపసంఘం. వాళ్లు కారేసుకుని ఇంటింటికీ తిరుగుతారు. మా వైపు ఎవరూ "కాదు" అనరు. "ఆలోచిస్తా" అంటారు. అంటే కాదని. "మా ఆవిడనడగాలి" అన్నారంటే, ఇంకోసారి ఈ గుమ్మం తొక్కొద్దని. ఒకవేళ ఎవడైనా "నేను చేస్తా" అని తనంతట తాను ముందుకొచ్చాడా, వాణ్ణి అస్సలు పెట్టుకోరు. అడిగి మరీ చేస్తానన్నాడంటే జట్టులో వాడి మేనల్లుడు ఉండి ఉండాలి. ఇక మన ఊరివాణ్ణి పెడదామంటే అన్ని ఇళ్ల గుట్టూ వాడికి తెలుసు. పరాయి ఊరివాణ్ణి పెడదామంటే వాడికేం తెలుసు?

అలా మన ఊరివాడూ కాక, పరాయివాడూ కాక మిగిలినవాడు ఫర్గల్ బీర్న్. పుట్టింది తొమ్మిది కిలోమీటర్ల అవతల. మా నూలాని పెళ్లాడి ఇక్కడికొచ్చి ఇరవై రెండేళ్లయింది గనక, కొత్తగా వచ్చినవాడి కిందే లెక్క. పాల లారీ నడుపుతాడు. నాలుగేళ్ల కిందట వార్షిక సమావేశం జరుగుతుండగా హాల్లోకి తొంగి చూసి, "ఎవరిదండీ ఆ జీపు? నా లారీ కదలట్లేదు" అన్నాడు. జీపు ఫింటన్‌ది. ఆయన తాళాలు వెతుక్కునేలోపు ఒకడు ఫర్గల్ పేరు ప్రతిపాదించాడు, ఒకడు బలపరిచాడు, మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు. ఫర్గల్ "ఆలోచిస్తా" అన్నాడు. పరాయివాడు కదా, నిజంగానే ఆలోచిస్తాడనుకున్నారు. అతను నిజంగానే ఆలోచించి, గురువారం మైదానానికి వచ్చేశాడు.

వచ్చాక తెలిసింది, పాల లారీవాణ్ణి మేనేజరుగా పెట్టుకుంటే ఏమవుతుందో. తెల్లవారుజామున అయిదింటికి ప్రతి పాలదొడ్లోకీ లారీ వెళ్తుంది. ఎవడి కారు రోడ్డుకి అడ్డంగా ఆగి ఉందో, ఎవడు బూట్లతోనే సోఫాలో పడి ఉన్నాడో, అంతా ఫర్గల్ కంట్లో పడుతుంది. ఏమీ అనడు. గురువారం ప్రాక్టీసులో వాడి చేత మాత్రం మైదానం చుట్టూ పది రౌండ్లు ఎక్కువ పరిగెత్తిస్తాడు. రెండేళ్లలో కుర్రాళ్లు తాగడం తగ్గించారు, నాలుగో ఏట, ఇరవై ఏడేళ్ల తరవాత క్లబ్బు కౌంటీ సెమీఫైనల్‌కి చేరింది.

అట్రాక్టాకు అతనంటే గౌరవం కలగడానికి కారణం అది కాదు. మొదటి మ్యాచ్ అయిన సోమవారం ఆమె జెర్సీల సంచీ విప్పింది. పదిహేనేళ్లుగా ఆ సంచీ విప్పడమంటే బురద ముద్దలోంచి లోపలిది బయటికై ఉన్న మేజోళ్లను ఒక్కొక్కటే వేళ్లతో గిల్లి తిప్పుకోవడం. ఆ రోజు అన్ని జెర్సీలూ సరిగ్గా తిప్పి, మేజోళ్లు జతలు జతలుగా ముడేసి ఉన్నాయి. ఫర్గల్ ఎవర్నీ బస్సెక్కనివ్వకుండా నిలబెట్టి ఆ పని చేయించాడట. "ఉతికేదీ మనిషే" అన్నాడట. ఆమె ఆ సంచీ పక్కన కూర్చుని ఏడ్చింది. ఈ సంగతి కమిటీకి చెప్పలేదు. చెబితే తల ఊపుతారు, అంతకంటే ఏం చేస్తారు?

అలాంటి మనిషిని ఆమే తీసేసింది. అదీ సెమీఫైనల్‌కి అయిదు రోజుల ముందు.

నూలా మోకాలి ఆపరేషన్ అయి సోమవారం ఇంటికొచ్చింది. ఇరుగుపొరుగు ఏం చేస్తారో అట్రాక్టా అదే చేసింది. మంగళవారం దుకాణం కట్టేసి, పెరటి ఆపిల్స్ కోసి, రెట్టింపు వెన్న వేసి, లవంగాలు గుచ్చి, పన్నెండో నీలం అంచు పళ్లెంలో టార్ట్ పట్టుకుని బయల్దేరింది. దారిపొడుగునా నూలా మోకాలి గురించే ఆలోచించింది. తలుపు ఫర్గల్ తీశాడు.

పళ్లెం చూడగానే అతని మొహం మాడిపోయింది.

"అయితే అంతేనన్నమాట" అన్నాడు.

"నూలా ఎలా ఉంది? ఊరికే, మీ ఇద్దరి కోసం తెచ్చా" అంది అట్రాక్టా.

నోట్లోంచి ఆ మాట జారాక గాని ఆమెకు వినబడలేదు. పదకొండు గడపల ముందు అరిగిపోయిన మాట అది. వెనక్కి తీసుకుందామని నోరు తెరిచింది, ఏమీ రాలేదు. ఈ గుమ్మాల్లో నిలబడి మాట్లాడకుండా ఉండడం ఆమెకు పంతొమ్మిదేళ్ల అలవాటు మరి.

"ఆదివారం దాకా ఆగలేకపోయారా వాళ్లు?" అన్నాడతను. గొంతులో కోపం లేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. "పోనీలే. నువ్వు రావడమే నయం. వేరేవాళ్లయితే ఇంకా బాధగా ఉండేది."

"ఫర్గల్, ఇది టార్టేనయ్యా... ఉత్త టార్ట్..."

"తెలుసులే అట్రాక్టా. డెక్లన్‌తోనూ అదే అన్నావటగా."

పళ్లెం తీసుకుని లోపల పెట్టొచ్చాడు. బంతుల సంచీ, విజిల్, డ్రెస్సింగ్ రూమ్ తాళాలు తెచ్చి ఆమె కారు డిక్కీలో సర్ది, డిక్కీ మూత కూడా నెమ్మదిగా వేశాడు. తలుపు కూడా అంతే నెమ్మదిగా వేసుకున్నాడు.

ఇంటికొచ్చాక ఆమె ఫోను చేతిలోకి తీసుకుంది, పక్కన పెట్టింది, మళ్లీ తీసుకుంది. చేసి ఏమని చెప్పాలి? ఈ టార్ట్ నిజంగానే ఊరికే ఇచ్చానని చెప్పాలంటే, ముందటి పదకొండూ ఊరికే ఇచ్చినవి కావని ఒప్పుకోవాలి. పదకొండు సార్లు అబద్ధమాడిన నోటితో ఇప్పుడు నిజం చెబితే ఎవరు నమ్ముతారు? తన మీద తనకే అసహ్యం వేసింది.

బుధవారం పొద్దున్నే ఫింటన్ దుకాణానికి వచ్చాడు. బూట్ల జతలు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన బూట్లు కొనడానికి రాలేదని కౌంటరు వెనక పిల్లికి కూడా తెలుసు.

"ఫర్గల్‌కి టార్ట్ ఇచ్చావటగా."

"నూలా మోకాలికి ఇచ్చానయ్యా!"

"మోకాలికి టార్టేంటి అట్రాక్టా, రాయడానికా?" ఫింటన్ నవ్వాడు, అంతలోనే పెద్దమనిషి మొహం పెట్టాడు. "కమిటీకి ఒక్క మాట చెప్పి చెయ్యాల్సింది."

"నేనేం చెయ్యలేదు. వెళ్లి అతనితో చెప్పు, పొరపాటు జరిగిందని. ఛైర్మన్‌వి కదా."

"నేనా?" ఫింటన్ బూటు కింద పెట్టాడు. "ఇప్పుడు ఊరంతా తెలిసిపోయిందమ్మా. ఇచ్చిన టార్ట్ వెనక్కి తీసుకుంటే క్లబ్బు పరువేం కాను? అయినా బెన్నీ ఖాళీగానే ఉన్నాడు. నా బావమరిది అని చెప్పట్లేదు."

"ఆదివారం సెమీఫైనల్ పెట్టుకుని బెన్నీయా! వాడికి మన కుర్రాళ్ల పేర్లు కూడా తెలీవు."

"అదే మంచిదంటున్నా. గెలిస్తే బెన్నీ గెలిపించినట్టు. ఓడితే ఫర్గల్ ముంచేసి పోయినట్టు. ఎటు చూసినా కమిటీకి మాట రాదు." తన తెలివికి తానే ముచ్చటపడి, ఫింటన్ గొంతు తగ్గించాడు. "రేపు సాయంత్రం ప్రాక్టీసుకి వాణ్ణే పంపిస్తా. తాళాలు నీ దగ్గరే ఉన్నాయిగా?"

"బూట్లు కావాలా, వద్దా?" అంది అట్రాక్టా.

ఫింటన్ వెళ్లిపోయాడు. ఆమెకు ఒళ్లు మండింది. ఈ మనుషుల నోటి బద్ధకాన్ని పంతొమ్మిదేళ్లు పిండిలో చుట్టి, పొయ్యిలో పెట్టి, పంచదార చల్లి ఇంటింటికీ మోసింది తనే. వాళ్ల పిరికితనం ఎవరికీ కనబడకపోవడానికి కారణం తన చేతి రుచి. ఇప్పుడదే చేతితో, తనకు మర్యాద ఇచ్చిన ఒకే ఒక్క మనిషిని గెంటేసింది.

సాయంత్రం దుకాణం కట్టేసి నేరుగా ఫర్గల్ ఇంటికెళ్లింది. వట్టి చేతులతో. మా ఊళ్లో పన్ను వసూలుకొచ్చేవాడు కూడా కనీసం కాగితాల కట్ట పట్టుకుని వస్తాడు. రోగి ఉన్న ఇంటికి వట్టి చేతులతో వెళ్లినట్టు ఎవరైనా చూస్తే ఆరు నెలలు చెప్పుకుంటారు. గుమ్మం ముందు ఆ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక కోటు జేబుల్లో పెట్టుకుంది, మళ్లీ తీసింది.

ఫర్గల్ తలుపు తీసి ముందు ఆమె చేతులకేసి చూశాడు. ఆమె రెండు చేతులూ చాచి చూపించింది.

"ఏం తేలేదు. చూసుకో. నేనో మాట చెప్తా, మధ్యలో ఆపకు. ఆపావంటే మళ్లీ నా నోరు పెగలదు. నువ్వు ఉండాలి."

"కమిటీ అందా?"

"కమిటీ నీళ్లు నములుతోంది. వాళ్ల సంగతి వదిలెయ్. నేనంటున్నా. నువ్వు ఉండాలి ఫర్గల్. ఆ టార్ట్ నూలాకి. ముందు ఇచ్చిన పదకొండూ ఊరికే ఇచ్చినవి కాదు, అబద్ధమాడా. ఇదొక్కటే నిజంగా ఊరికే ఇచ్చింది."

అతను గుమ్మానికి ఆనుకున్నాడు. నాలుగేళ్లలో అతన్ని ఉండమని ఒక్కరూ అనలేదు. పొమ్మని కూడా ఎవరూ అనలేదు గనక ఉన్నాడు, అంతే.

లోపల్నుంచి నూలా గొంతు ఖంగుమంది. "నిన్నట్నుంచీ మొత్తుకుంటున్నా! తీసేసేవాడికి అంత వెన్న ఎవరేస్తారయ్యా అని! వింటేగా! ముట్టుకోనని భీష్మించుక్కూచున్నాడు. మూడొంతులు నేనే తిన్నా."

ఫర్గల్ మొహం మీదికి నవ్వు రాబోయి ఆగింది. "బంతుల సంచీ డిక్కీలోనే ఉందా?"

"ఎక్కడికి పోతుంది?"

"అయితే ఇటియ్యి. రేపు ఏడున్నరకి ప్రాక్టీసు. కాస్త తడిగడ్డి ఉంటుంది, పాత జెర్సీలు పంపు."

గురువారం సాయంత్రం ఏడున్నరకి మైదానంలో ఇద్దరు మేనేజర్లు ఎదురుపడ్డారు. బెన్నీ మెడలో కొత్త విజిల్ వేలాడుతోంది. ఫర్గల్ అతన్ని చూసి, "మంచి సమయానికొచ్చావ్ బెన్నీ, ఆ కోన్లు కాస్త పేర్చు" అన్నాడు. అసలు తననెందుకు పంపారో చెప్పడానికి బెన్నీ నోరు తెరిచాడు, మా ఊరివాడు కదా, మూసుకున్నాడు. గంటన్నరసేపు, కుర్రాళ్లు చుట్టి పరిగెత్తే ఆ కోన్లు పేర్చి ఇంటికెళ్లాడు.

ఆదివారం ఒక్క పాయింటుతో ఓడాం. చివరి నిమిషంలో కొట్టిన బంతి గోలు కర్రకు తగిలి పక్కకు పోయింది. ఆ కర్ర అరంగుళం లావు తక్కువైతే ఇవాళ ఫర్గల్‌కి ఊళ్లో విగ్రహం పెట్టేవాళ్లం. కర్ర అలాగే ఉంది గనక సోమవారం కమిటీ కూర్చుంది. "మార్పు రావాలి" అన్నారొకరు. "కొత్త గొంతు కావాలి" అన్నారింకొకరు. తొమ్మిది తలలూ ఊగాయి.

"అట్రాక్టా, ఈ ఏడాది మీ పెరట్లో ఆపిల్స్ బాగా కాశాయటగా" అన్నాడు ఫింటన్ గది పైకప్పు వైపు చూస్తూ.

"కాశాయి. జామ్ చేసేశా."

"ఓ టార్ట్‌కి సరిపడా అయినా..."

"టార్ట్ చెయ్యడం మానేశా."

"మానేశావా? ఎందుకమ్మా?"

"ఊరికే" అంది అట్రాక్టా.

ఆమె మినిట్స్ పుస్తకం మూసి, పెన్ను ముందుకు తోసింది. "కావాలంటే కొలతలు చెప్తా, రాసుకోండి. పిండి, వెన్న, చిటికెడు ఉప్పు. తొమ్మిది మంది ఉన్నారు, ఒక్కరికైనా రాకపోదు." ఎవరూ పెన్ను ముట్టుకోలేదు. ఒకాయనకు ఆవు ఈనడానికి సిద్ధంగా ఉందని గుర్తొచ్చింది.

శనివారం మధ్యాహ్నం అట్రాక్టా నూలా వంటింట్లో కూర్చుని టీ తాగుతోంది. ఈసారీ వట్టి చేతులతోనే వచ్చింది, అలవాటు చేసుకుంటోంది. బయట జీపు ఆగిన చప్పుడైంది. ఫర్గల్ తలుపు తీశాడు. ఫింటన్ నిలబడి ఉన్నాడు, చేతిలో పెట్రోలు బంకులో కొన్న టార్ట్. అట్ట పెట్టె, మీద ప్లాస్టిక్ కిటికీ. లోపల కూర్చున్న అట్రాక్టాను చూసి ఒక్క క్షణం తడబడ్డాడు. చేత్తో పట్టుకొచ్చినదాన్ని ఎక్కడ దాస్తాడు?

"ఊరికే" అన్నాడు ఫింటన్. "మీ ఇద్దరి కోసం తెచ్చా."

ఫర్గల్ పెట్టె అందుకున్నాడు. అటూ ఇటూ తిప్పి, ఎన్నాళ్లు నిలవుంటుందో వెనక రాసి ఉన్నది పూర్తిగా చదివాడు. అట్రాక్టా టీ కప్పు గట్టిగా పట్టుకుంది.

"మంచివాడివయ్యా ఫింటన్" అన్నాడు ఫర్గల్. "నూలా మోకాలిని ఇంకా గుర్తుపెట్టుకున్నావు. రా, కూర్చో."

నీలం అంచు పళ్లెంలోకి టార్ట్ మార్చి ఎనిమిది ముక్కలు కోశాడు. ఒకటి ఫింటన్ ముందు పెట్టాడు. ఫింటన్ తిన్నాడు. ఏమీ అనలేదు. అనాలంటే మాటల్లో అనాలి, అది ఆయనవల్ల అయ్యే పని కాదు.

"జనవరి రెండో వారంలో ప్రాక్టీసు మొదలెడదామనుకుంటున్నా" అన్నాడు ఫర్గల్. "మైదానంలో ఆ మూల లైటు వెలగట్లేదు. చూడరాదూ?"

"చూస్తా" అన్నాడు ఫింటన్ నోటి నిండా టార్ట్‌తో.

"నిజంగా చూస్తావా, మా ఊరి 'చూస్తా'నా?" అంది నూలా.

"నిజంగానే" అన్నాడాయన నేల చూపులు చూస్తూ.

అట్రాక్టా తన ముక్క కొరికింది. పైన అట్టముక్కలా ఉంది, లోపల ఆపిల్ వాసన కూడా లేదు. వెన్న చూసిన పాపాన పోలేదు. ఆమె జన్మలో ఇంత చెత్త టార్ట్ తినలేదు. అయినా మొత్తం తిని, ఖాళీ పళ్లెం ఫర్గల్ వైపు జరిపింది.

"ఇంకో ముక్క వెయ్యవయ్యా" అంది.